పరిమితి పాతిక లక్షలు, మాత్రలు మాత్రం బయట కొనుక్కోవాలి

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఆరోగ్యశ్రీ పరిమితి ఎంత ఉండాలి, ఆ పథకం ట్రస్టు చేతిలో ఉండాలా బీమా సంస్థల చేతిలో ఉండాలా, ప్రభుత్వం మొదలుపెట్టిన వైద్య కళాశాలలను ఎవరు నడపాలి అన్న ప్రశ్నల మీద మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా కాలంగా గట్టి వాదనలు సాగుతున్నాయి. ఈరోజు మనతో మాట్లాడుతున్నవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం మొదలుపెట్టి, జిల్లా ఆసుపత్రిలో పదవీ విరమణ చేసిన వైద్యులు. మధ్యలో కొన్నేళ్లపాటు ఆరోగ్యశ్రీ కేసుల పరిశీలన కూడా చేశారు. పేరు చెబితే శ్రోతలు విషయం వదిలేసి తాను ఏ పార్టీ మనిషో వెతకడం మొదలుపెడతారని ఆయన అభిప్రాయం. అందుకే పేరు చెప్పడం లేదు. నమస్కారం డాక్టరు గారూ.

డాక్టరు: నమస్కారం అమ్మా. పేరు చెప్పకపోయినా వెతుకుతారు లెండి. మీరు కానివ్వండి.

వ్యాఖ్యాత: అందరికీ తెలిసిన కథ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలవుతుంది. మీరు మాత్రం అక్కడి నుంచి మొదలుపెట్టకూడదని నాతో ముందే అన్నారు.

డాక్టరు: అవును. అసలు మొదలు ముఖ్యమంత్రి సహాయనిధి దగ్గర ఉంది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఆ నిధి నుంచి 55,361 మందికి ఆసుపత్రి ఖర్చుల నిమిత్తం 168 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చారు. ఆ కాగితం ఎలా నడిచేదో ఈ తరానికి గుర్తుండదు. పెద్ద ఆసుపత్రిలో ఖర్చు అంచనా రాయించుకోవాలి, ఎమ్మెల్యే దగ్గర సిఫారసు లేఖ తీసుకోవాలి, దాన్ని పట్టుకుని హైదరాబాదు సచివాలయానికి వెళ్లాలి, అక్కడ ఎల్వోసీ, అంటే ఖర్చు ప్రభుత్వం చెల్లిస్తుందన్న హామీ పత్రం, చేతికి వచ్చేదాకా రోగిని ఎక్కడో ఒకచోట ఉంచాలి. ఎమ్మెల్యే ఇంటి గుమ్మం ఎక్కలేనివాడికి ఆ దారే లేదు. ఆరోగ్యశ్రీ చేసిన మొదటి మేలు ఈ దేబిరింపును తీసేయడం. తెల్లకార్డు చూపించగానే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటాడు, అతడే వివరాలు నమోదు చేసి అనుమతికి పంపిస్తాడు. రోగి ఎవరికీ దండం పెట్టనక్కరలేదు. ఇది చిన్న మార్పు కాదు.

వ్యాఖ్యాత: అయితే ఆ మూలంలోనే పథకానికి ఒక లోపం కూడా అంటుకుందని మీరు అంటున్నారు.

డాక్టరు: ఆ దరఖాస్తులను చూసే పేదవాడికి ఏ జబ్బులు పెద్ద భారమో అంచనా కట్టారు. గుండె, క్యాన్సరు, మూత్రపిండాలు, మెదడు, కాలిన గాయాలు, ప్రమాదాలు ఇలా జాబితా తయారైంది. అంచనా తప్పని నేను అనను. కానీ ఆలోచించండి, బీపీ మాత్రలు ఇప్పించండి అని ముఖ్యమంత్రికి ఎవరైనా అర్జీ పెట్టుకుంటారా? నెలకు మూడు నాలుగు వందల రూపాయల మాత్రలు కొనలేక మానేసినవాడు సచివాలయానికి రాడు. అతడు పదేళ్ల తరువాత పక్షవాతంతోనో, గుండెపోటుతోనో వస్తాడు. అంటే మనం పథకాన్ని చివరి మజిలీలో నిలబడ్డవాళ్ల అర్జీలు చూసి తయారుచేశాం. ఆ తరువాత ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎన్ని పేర్లు మారినా దాని ముఖం అటే తిరిగి ఉంది.

వ్యాఖ్యాత: పేర్ల సంగతి వచ్చింది కాబట్టి పరిమితి సంగతి కూడా అడుగుతాను. ఉమ్మడి రాష్ట్రంలో రెండు లక్షలతో మొదలైంది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో రెండున్నర లక్షలు అయింది, తరువాతి ప్రభుత్వం అయిదు లక్షలకు, 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచింది. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం అయిదు లక్షల నుంచి పది లక్షలు చేసింది. సభల్లో చప్పట్లు పడేది ఈ అంకెకే.

డాక్టరు: చప్పట్లు పడనివ్వండి, తప్పులేదు. అయితే ఆ అంకె దేనికి వర్తిస్తుందో చెప్పాలి. చాలామంది పాతిక లక్షలంటే ఆసుపత్రికి పాతిక లక్షలు ఇస్తారనుకుంటారు. ఆసుపత్రికి అందేది ప్యాకేజీ ధర, అంటే ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే కట్టిన ధర. ఒక శస్త్రచికిత్సకు ప్యాకేజీ లక్ష రూపాయలని అనుకుందాం. పరిమితి రెండు లక్షలున్నా, పాతిక లక్షలున్నా ఆసుపత్రికి వచ్చేది ఆ లక్షే. కుటుంబంలో ఒకే ఏడాది పెద్ద జబ్బులు రెండు మూడు వచ్చినప్పుడో, అవయవ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి, దీర్ఘకాలం సాగే క్యాన్సరు చికిత్స వంటివి అవసరమైనప్పుడో పెద్ద పరిమితి నిజంగా ప్రాణం కాపాడుతుంది. కానీ అలాంటి కుటుంబాలు తక్కువ. అందుకే పరిమితిని అయిదింతలు చేసినా ఖజానా మీద భారం అయిదింతలు కాదు. రాజకీయ నాయకులకు ఈ లెక్క బాగా తెలుసు. మనకే తెలియదు.

వ్యాఖ్యాత: అంటే చూడవలసింది ప్యాకేజీ ధరను అంటారా?

డాక్టరు: ప్యాకేజీ ధరను, ఏ చికిత్సలు జాబితాలో ఉన్నాయన్నదాన్ని, సొమ్ము ఎన్నాళ్లకు అందుతుందన్నదాన్ని. 2024లో తెలంగాణ ప్రభుత్వం 163 చికిత్సలను కొత్తగా చేర్చి, 1,375 చికిత్సల ధరలను సవరించింది. నా దృష్టిలో పరిమితి పెంపు కన్నా అదే పెద్ద వార్త. పత్రికలో అది లోపలి పేజీలో వచ్చి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా అంతే. 2019 తరువాత జాబితా వెయ్యి చిల్లర చికిత్సల నుంచి 3,257కు పెరిగింది, బిల్లు వెయ్యి రూపాయలు దాటితే చాలు వర్తిస్తుందన్నారు, శస్త్రచికిత్స తరువాత ఇంట్లో కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు అయిదు వేలు మించకుండా ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. కూలి మనిషికి ఆపరేషనుతో పాటు పోయేది కూలి అని ఎవరో ఒకరు ఆలోచించారన్నమాట. దాని మీద చర్చ ఎంత జరిగింది? పథకానికి ఎవరి పేరు పెట్టాలన్నదాని మీద జరిగినంత జరగలేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు బీమా విషయానికి వద్దాం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆదాయంతో నిమిత్తం లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు వర్తించే విధానాన్ని ఆమోదించింది. రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ చెల్లిస్తుంది, ఆ పైన పాతిక లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చెల్లిస్తుంది. దీన్ని ప్రైవేటుపరం చేయడమని ప్రతిపక్షం అంటోంది, అందరికీ ఆరోగ్య భద్రత అని ప్రభుత్వం అంటోంది. మీరేమంటారు?

డాక్టరు: ఇద్దరూ ఒక విషయం మరిచిపోయినట్టు నటిస్తున్నారని అంటాను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే ఒక ప్రైవేటు బీమా సంస్థతో, స్టార్ హెల్త్‌తో. 2008 జూలైలో రెండో విడత చికిత్సలను చేర్చినప్పుడు ట్రస్టు నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది, తరువాత క్రమంగా మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. తమిళనాడు 2009లో మన పథకాన్ని చూసి, ఆ బీమా సంస్థతోనే తన పథకం మొదలుపెట్టింది. కాబట్టి బీమా అనగానే ఆకాశం విరిగి పడినట్టు మాట్లాడేవారి పార్టీ మూలపురుషుడు ఆ దారినే వచ్చాడు. బీమాతో కష్టాలన్నీ తీరిపోతాయనేవారు దాన్ని మనం ఒకసారి చూసి ఎందుకు పక్కకు తప్పుకున్నామో చెప్పాలి.

వ్యాఖ్యాత: ఎందుకు తప్పుకున్నాం?

డాక్టరు: రెండింటికీ రెండు రకాల జబ్బులు ఉన్నాయి. బీమా పద్ధతిలో ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని ఏడాదికి ప్రీమియం కట్టేస్తుంది. క్లెయిములు తక్కువైతే మిగిలింది సంస్థకు లాభం. ఒప్పందంలో కొంత వెనక్కి ఇవ్వాలన్న షరతు పెట్టవచ్చు, పెడతారు కూడా. కానీ అనుమతి ఇచ్చే చోట కూర్చున్నవాడికి కాదనడంలో లాభం ఉంటుంది. ట్రస్టు పద్ధతిలో కాదనడంలో ఎవరికీ లాభం లేదు, కానీ అవునని చెప్పిన తరువాత సొమ్ము చెల్లించవలసినది ఆర్థిక శాఖ. ఖజానాలో డబ్బు లేనప్పుడు జీతాలు, పింఛన్లు ముందు వెళతాయి, ఆసుపత్రి బిల్లు వెనక్కి జరుగుతుంది. బీమా సంస్థ రోగిని ఆపుతుంది, ట్రస్టు ఆసుపత్రిని ఆపుతుంది. రెండోదానిలో కూడా చివరికి ఆగేది రోగే. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ఆసుపత్రులు, బకాయిల కోసం సేవలు ఆపిన సంగతి మీకు తెలుసు.

వ్యాఖ్యాత: ఆసుపత్రులది బెదిరింపు ధోరణి అన్న విమర్శ కూడా వచ్చింది.

డాక్టరు: కార్పొరేట్ ఆసుపత్రికి నెలల బకాయి ఉన్నా తట్టుకుంటుంది, నగదు రోగులు ఉంటారు. యాభై పడకల ఆసుపత్రి నడిపే జిల్లా డాక్టరు పరిస్థితి వేరు. అతడి దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కార్డువాళ్లే. మందుల కంపెనీ అప్పు ఇవ్వదు, నర్సుల జీతాలు ఆగవు. అతడు గ్రీన్ ఛానల్ కావాలని, అంటే బిల్లు ఆర్థిక శాఖ వరుసలో నిలబడకుండా నేరుగా చెల్లింపు జరగాలని అడిగితే దాన్ని నేను బెదిరింపు అనను. అలాగని ఆసుపత్రులన్నీ పాలుగారే పసిపిల్లలూ కావు. ఉమ్మడి రాష్ట్రంలో అవసరం లేని గర్భసంచి తొలగింపుల మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? ముప్పై ఏళ్లు, ముప్పై అయిదేళ్ల ఆడవాళ్లకు, తెల్లబట్ట అయిందని, కడుపులో నొప్పి అని చెబితే గర్భసంచి తీసేసిన కేసులు నేను స్వయంగా చూశాను. ఆ ఊళ్లో ఒకరికి చేస్తే వీధి మొత్తం వెళ్లేవారు. చివరికి ప్రభుత్వం ఆ శస్త్రచికిత్సను పథకంలో ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయవలసి వచ్చింది. ప్యాకేజీ పెట్టి, పరిశీలన పెట్టకపోతే ఏ శరీర భాగానికి ధర ఉంటే ఆ భాగానికే జబ్బు వస్తుంది.

వ్యాఖ్యాత: ఇక్కడ నేను ఒక మాట అడ్డు చెప్పాలి. మా పెదనాన్న గారికి 2012లో గుండె ఆపరేషను ఆరోగ్యశ్రీ కింద జరిగింది. భూమి అమ్మకుండా బయటపడ్డాం. మందులిచ్చి, ఇంటికి రావడానికి బస్సు చార్జీలు కూడా ఇచ్చారు. ఈ పథకాన్ని ఎవరు ఏమన్నా మా ఇంట్లో ఒప్పుకోరు.

డాక్టరు: ఒప్పుకోకూడదు కూడా. ఈ పథకం లేని రోజుల్లో నేను పని చేశాను. గుండెలో రంధ్రం ఉన్న పిల్లవాడిని చూసి, కాగితం మీద హైదరాబాదు అని రాసి ఇచ్చేవాణ్ణి. రాసేటప్పుడే తెలిసేది, వీళ్లు వెళ్లరని. తండ్రి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవాడు. పథకం వచ్చాక ఆ కాగితానికి విలువ వచ్చింది. కాబట్టి నేను ఆరోగ్యశ్రీని తప్పుపట్టడం లేదు. దాని ముందు ఉండవలసిన మెట్లు లేకుండా దాన్నే ఇల్లు అనుకోవడాన్ని తప్పుపడుతున్నాను.

వ్యాఖ్యాత: ఆ మెట్ల గురించి వివరించండి.

డాక్టరు: నా చివరి ఏళ్లలో ఒక ఆటో డ్రైవరు వచ్చేవాడు, యాభై ఏళ్లు ఉండవచ్చు. చక్కెర వ్యాధి. మా ఆసుపత్రిలో మాత్రలు ఉన్న నెల వాడేవాడు, లేని నెల మానేసేవాడు. బయట కొనమంటే తల ఊపేవాడు, కొనేవాడు కాదు. మూడేళ్లకు కాలి బొటనవేలికి పుండు పడింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటూ తిరిగాడు, అది కుళ్లింది. చివరికి నెట్‌వర్క్ ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, అనుమతి కూడా వెంటనే వచ్చింది. ప్రభుత్వం కాలు తీయడానికి డబ్బు పెట్టింది, ఉంచడానికి పెట్టలేదు. ఆటో అమ్మేశాడు. ఆ కుటుంబం లెక్కలో ఆ నష్టం ఏ పథకం పరిమితిలోకి వస్తుంది?

వ్యాఖ్యాత: దేశం మొత్తం మీద జనం తమ జేబు నుంచి పెట్టే వైద్య ఖర్చు తగ్గిందని కేంద్రం లెక్కలు చెబుతున్నాయి కదా. 2013–14లో మొత్తం వైద్య వ్యయంలో 64.2 శాతం ఉన్నది, 2021–22కు 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు అంటున్నాయి.

డాక్టరు: తగ్గడం మంచిదే. అయినా నూటికి దాదాపు నలభై రూపాయలు ఇంకా జేబులోంచే పోతున్నాయి. అందులో మందుల షాపులో, ఓపీలో, రక్త పరీక్షల దగ్గర పోయేదే ఎక్కువ, ఎందుకంటే మంచం ఎక్కితేనే పథకం వర్తిస్తుంది. అందుకే కొన్నిచోట్ల మంచం అవసరం లేనివాణ్ణి కూడా మంచం ఎక్కిస్తారు, అది వేరే కథ. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021–22లో, కోవిడ్ ఖర్చులు కలుపుకుని కూడా, అది 1.84 శాతం. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ఒక కార్పొరేషను పెట్టి, ఏ ఆసుపత్రికి ఎంత మందు హక్కుగా వస్తుందో పాస్‌బుక్కులో రాసి ఇచ్చింది. మన దగ్గరా కార్పొరేషన్లు ఉన్నాయి. కానీ మందుల కొనుగోలు మీద ఎన్నికల సభలో ప్రసంగించిన నాయకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, అవి సరైన దిక్కులో పడ్డ అడుగు. మాత్రలు నిండుగా ఉన్న రోజున అక్కడ వరుస చూడండి, జనానికి ఏం కావాలో తెలుస్తుంది.

వ్యాఖ్యాత: ఉద్దానం గురించి కూడా చెబుతానన్నారు.

డాక్టరు: ఉద్దానం మన చర్చకంతటికీ పరీక్ష వంటిది. శ్రీకాకుళం జిల్లా తీరంలో కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెల్లో మూత్రపిండాలు పాడవుతున్నాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి అయినా, చాలా ఏళ్లపాటు డయాలసిస్ కోసం అక్కడివాళ్లు విశాఖ దాకా వెళ్లారు. వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, తోడుగా ఇంకొకరు రావాలి, ఇద్దరి కూలీ పోతుంది. చికిత్స ఉచితమే, కానీ దారి ఖర్చే కుటుంబాన్ని ముంచింది. తరువాత దగ్గరి ఊళ్లలో డయాలసిస్ యూనిట్లు పెట్టారు, డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు పది వేల పింఛను ఇచ్చారు, హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్లు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. నీళ్లు, పింఛను, దగ్గరలో యంత్రం, పరిశోధన, వీటిలో ఒక్కటీ పరిమితి లెక్కలోకి రాదు. అయినా అక్కడి మనిషికి ఉపయోగపడినవి అవే. నిపుణులైన డాక్టర్లు అక్కడ నిలబడతారా అన్నది ఇంకా మిగిలే ఉంది.

వ్యాఖ్యాత: వైద్య కళాశాలల వివాదం మీద మీ అభిప్రాయం క్లుప్తంగా చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం 17 తలపెట్టింది, విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో అయిదు 2023లో తెరిచింది. ఇప్పటి ప్రభుత్వం ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందులతో సహా పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించింది.

డాక్టరు: నేను ప్రభుత్వ కళాశాలలో చదివాను కాబట్టి నా పక్షపాతం ముందే చెబుతున్నాను. గోడలు లేపడానికి డబ్బు లేదన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ బోధనాసుపత్రి గోడ కాదు, రోజూ వెయ్యిమంది వచ్చే ఓపీ. మార్కాపురంలో పాము కరిచినవాణ్ణి, ఆదోనిలో కాన్పు కష్టమైన తల్లిని రాత్రి రెండు గంటలకు డబ్బు మాట ఎత్తకుండా చేర్చుకోవలసిన బాధ్యత ఎవరిదన్నది ఒప్పంద పత్రంలో మొదటి పేజీలో ఉండాలి. అది ఉంటే, దాన్ని తప్పితే జరిమానా ఉంటే, మిగతాది మాట్లాడుకోవచ్చు. సీట్ల మీద జరిగినంత వాదన ఆ పత్రంలో ఏముందన్నదాని మీద జరగలేదు. సీట్లు మన పిల్లల కోసం కదా, అందుకని.

వ్యాఖ్యాత: అందరికీ వర్తించే విధానం వల్ల మధ్యతరగతి కూడా ఈ చర్చలోకి వచ్చింది. కేంద్రం కూడా 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా అయిదు లక్షల దాకా వైద్య భద్రత ఇచ్చింది.

డాక్టరు: దాన్ని నేను ఆహ్వానిస్తాను, కొంత స్వార్థంతో. నా దగ్గర పింఛనుదారుల ఆరోగ్య కార్డు ఉంది. పోయిన ఏడాది కంటి ఆపరేషనుకు ఒక ఆసుపత్రికి వెళితే, కౌంటరులో అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ప్రస్తుతం తీసుకోవడం లేదండీ అంది. ఆ ఆసుపత్రి ఏదో చెప్పను. ముప్పై ఏళ్లు ప్రభుత్వం తరఫున రోగులను చూసినవాణ్ణి, డబ్బు కట్టి చూపు తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి తప్పు లేదు. అయితే దాని నుంచి ఒక ఆశ పుట్టింది. తెల్లకార్డువాణ్ణి వెనక్కి పంపితే వార్త కాదు. తహసీల్దారును, లెక్చరరును, బ్యాంకు మేనేజరును వెనక్కి పంపితే ఉత్తరాలు రాస్తారు, కోర్టుకు వెళతారు. అందరికీ ఒకే కార్డు ఉంటే పేదవాడి వరుసలో నోరున్నవాడు కూడా నిలబడతాడు. దానితోపాటు భయమూ ఉంది. అదే డబ్బు, అవే పడకలు, వరుసలో మాత్రం ఇంకో ఇరవై లక్షల కుటుంబాలు. నోరున్నవాడు ముందుకు జరిగి, లేనివాడు వెనక్కి జరిగితే కష్టం.

వ్యాఖ్యాత: చివరగా ఒక శ్రోత పంపిన ప్రశ్న. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని ఆరోగ్యం గురించి ఏమి అడగాలి?

డాక్టరు: పరిమితి ఎంత చేస్తారని అడగవద్దు, సంతోషంగా పెంచుతామంటారు. వాళ్లు రాకముందే మీ మండలంలో పీహెచ్‌సీకి వెళ్లి, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రలు పోయిన మూడు నెలల్లో ఎన్ని రోజులు లేవో ఫార్మసిస్టును అడగండి. మందుల నిల్వ రిజిస్టరు ఉంటుంది, అందులో తేదీలతో సహా ఉంటుంది. ఆ తేదీలు ఒక కాగితం మీద రాసుకుని, వచ్చినవాళ్ల చేతిలో పెట్టండి.

వ్యాఖ్యాత: మీరు ఫోనులో ఈ మాట చెప్పిన తరువాత పోయిన వారం మా ఊరి పీహెచ్‌సీలో నేను అడిగాను.

డాక్టరు: అడిగారా! ఏమన్నారు?

వ్యాఖ్యాత: రిజిస్టరు ఉన్న బీరువా తాళం సారు దగ్గర ఉంది, సోమవారం రమ్మన్నారు.

డాక్టరు: సోమవారం వెళ్లండమ్మా.